తుఫాను సీజనుకు ఇంటి సరంజామా తక్కువ ఖర్చులో: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇచ్ఛాపురం నుంచి తడ దాకా సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లను దృష్టిలో పెట్టుకుని ఈ జవాబులు రాశాం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు నీళ్లలో చిక్కుకున్న విజయవాడ సింగ్‌నగర్ వాళ్లకూ, అదే వానలకు మున్నేరు పొంగిన ఖమ్మం వాళ్లకూ చాలావరకు ఇవే పనికొస్తాయి. లెక్కలన్నీ నలుగురున్న ఇంటికి వేసినవి. ధరలు ఊరికో తీరుగా ఉంటాయి కాబట్టి రూపాయల్లో చెప్పినవి ఉదాహరణలు మాత్రమే.

అన్నిటికంటే చవగ్గా ఎక్కడ దొరుకుతాయి?

ఎక్కడ అనేదానికంటే ఎప్పుడు అనేది ముఖ్యం. తుఫాను సామాన్లలో ఆదా చాలావరకు కొనే రోజును బట్టే ఉంటుంది. ఆగస్టులో ఏ కొట్లో కొన్నా, అక్టోబరులో పెద్ద మార్కెట్లో కొన్నదానికంటే చాలాసార్లు చవకే పడుతుంది.

బంగాళాఖాతంలో తుఫాన్లు రెండు విడతలు. వేసవి ఆఖర్లో ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రెండోది. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన, 1996 నవంబరులో కోనసీమను ఊడ్చినది, 2014 అక్టోబరు హుద్‌హుద్, 2018 అక్టోబరు తిత్లీ, 2023 డిసెంబరు మిచాంగ్, 2025 అక్టోబరు మొంథా అన్నీ రెండో విడతలోవే. కాబట్టి నిలవ ఉండే సామానంతా సెప్టెంబరు పదిహేనో తారీఖులోపు ఇంట్లో ఉండాలి.

వాతావరణ శాఖ మొదటి హెచ్చరిక తుఫాను తాకడానికి సుమారు 72 గంటల ముందు, రెండోది 48 గంటల ముందు వస్తుంది. రెండోది టీవీలో వచ్చిన సాయంత్రమే కొవ్వొత్తులు, బ్యాటరీ సెల్లులు, పాల ప్యాకెట్లు మాయమవుతాయి. ధర పెరగడానికి దురాశ ఒక్కటే కారణం కాదు. లారీలు ఆగిపోతాయి, హోల్‌సేల్ వాళ్లు కొత్త సరుకు దించరు, ఉన్నది నాలుగు గంటల్లో అయిపోతుంది.

అయితే వార్త వచ్చాక ఏమీ కొనక్కర్లేదా?

కొనాలి, కానీ కొద్దిగానే. అల్పపీడనం వాయుగుండంగా మారిందని వినగానే చేయాల్సినవి: నీళ్ల క్యాన్లు నింపుకోవడం, కూరగాయలు, పాలు, బ్రెడ్డు తెచ్చుకోవడం, బండిలో పెట్రోలు పోయించుకోవడం, ఏటీఎం నుంచి డబ్బు తీయడం. మిగతాదానికి ఆ రోజు బజారుకు వెళ్లాల్సి వచ్చిందంటే ఎక్కువ ధర పెట్టడానికే వెళ్తున్నట్టు.

ఎన్ని రోజులకు సరిపడా ఉంచుకోవాలి?

తిండి ఏడు రోజులకు. హుద్‌హుద్ తర్వాత విశాఖలో చాలా పేటలకు కరెంటు రావడానికి వారమో, అంతకు పైనో పట్టింది. తాగునీరు మూడు రోజులకు నిలవ ఉంచి, ఆ తర్వాతి రోజులకు శుద్ధి చేసుకునే ఏర్పాటు పెట్టుకుంటే చాలు. ఏడు రోజుల నీళ్లు ఇంట్లో పెట్టడానికి చోటూ ఉండదు, డబ్బూ దండగ.

నలుగురికి వారానికి ఇది సరిపోతుంది: బియ్యం 10 కిలోలు, కందిపప్పు కిలోన్నర నుంచి 2, మందం అటుకులు 3, పుట్నాలు, పల్లీలు, బెల్లం తలా ఒక కిలో, నూనె లీటరు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు మూడేసి కిలోలు, పాలపొడి అర కిలో. ఉప్పు, చింతపండు, కారం, పచ్చళ్లు ఇంట్లో ఎలాగూ ఉంటాయి. అర కిలో పాలపొడితో నాలుగైదు లీటర్ల పాలు కలుపుకోవచ్చు.

ఈ జాబితాలో తుఫాను కోసమే కొనే వస్తువు దాదాపు ఏదీ లేదని గమనించండి. నెల సరుకుల్లో ఒక నెల ముందుకు జరగడమే ఇది. ఎమర్జెన్సీ కిట్ అని ఆన్‌లైన్లో అమ్మే పెట్టెల్లో ఉండేది పది రూపాయల ఈల, చిన్న టార్చి, రేకు దుప్పటి, కాసిని బ్యాండెయిడ్లు. వాటిని విడిగా కొంటే ఎంతవుతుందో లెక్కేసుకోండి. మన ఉక్కపోతకు రేకు దుప్పటి ఎందుకో అమ్మేవాళ్లకే తెలియాలి.

తిండి సరుకుల్లో ఏది ఏ నెలలో చవక?

ఈ విషయంలో పాత తరం ఇళ్లు మనకంటే తెలివిగా ఉండేవి. ఏడాదికి సరిపడా కొనే అలవాటే పెద్ద పొదుపు.

చింతపండు, ఎండుమిరప కొత్త పంట ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మార్కెట్లోకి వస్తుంది. అప్పుడే కొని ఎండబెట్టి, గింజ తీసి జాడీకెత్తుకోవాలి. కొత్త కందిపప్పు సంక్రాంతి తర్వాత, శనగలు ఫిబ్రవరి, మార్చిలో వస్తాయి. పుట్నాలు శనగలతో చేసేవే కాబట్టి వాటి ధర కూడా ఆ నెలల్లోనే కాస్త దిగుతుంది. అనకాపల్లి బెల్లం శీతాకాలంలో ఎక్కువగా దిగుతుంది. అయితే బెల్లం వానాకాలంలో చెమర్చి కారిపోతుంది. అచ్చును పొడి గుడ్డలో చుట్టి, గాలి దూరని స్టీలు డబ్బాలో పెట్టగలిగితేనే ముందుగా కొనండి, లేకపోతే ఆగస్టులో కొనుక్కోండి. ఆవకాయ సంగతి చెప్పనక్కర్లేదు. కరెంటు లేని రోజుల్లో వేడన్నంలోకి దాన్ని మించిన నిలవ కూర లేదు.

ఎండు చేపలు తినే ఇళ్లు ఏప్రిల్ 15కు ముందే కొనుక్కోవడం మేలు. ఆ రోజు నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం ఉంటుంది. వానాకాలంలో మెత్తబడితే ఎండ కాసిన రోజున మళ్లీ ఆరబెట్టండి.

ఉల్లి, బంగాళాదుంప మాత్రం ముందుగా కొని లాభం లేదు. వానాకాలపు తేమకు ఉల్లి మొలకెత్తి కుళ్లుతుంది. రైతు బజారులో బోర్డు మీద రాసిన ధర చూసి, వాయుగుండం వార్త వచ్చిన పూటే తెచ్చుకోండి.

అటుకులకు, రవ్వకు పురుగు పడుతోంది. చవగ్గా కొన్నది పారబోయాల్సి వస్తోంది.

పారబోసినదాని ఖరీదు కూడా కలుపుకుంటే చవక బేరం కాస్తా ఖరీదు బేరమే. పురుగు చాలాసార్లు కొట్టు నుంచే గుడ్ల రూపంలో వస్తుంది. తెచ్చిన రోజే పళ్లెంలో పరిచి మంచి ఎండలో ఒక పూట ఉంచి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పొయ్యండి. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. రవ్వను సన్నటి సెగ మీద పొడిగా వేయిస్తే రెండు నెలలు భయం లేదు. డబ్బా మూతమీద కాగితం అంటించి కొన్న నెల రాయండి, పాతది ముందు వాడండి. మూడు కిలోల అటుకులు ఏడాది పొడుగునా కదలకుండా కూర్చోకూడదు. ప్రతి నెలా కిలో తింటూ కిలో కొంటూ ఉంటే ఇంట్లో ఎప్పుడూ మూడు కిలోలే ఉంటాయి, అవీ తాజావే.

పెద్ద ప్యాకెట్ కొంటే ఎప్పుడూ చవకే కదా?

కాదు. ఇప్పుడు ప్యాకెట్ మీద ఎమ్మార్పీతో పాటు గ్రాముకో, కిలోకో ఎంత పడుతుందో కూడా ముద్రించాలన్న నిబంధన ఉంది. మొత్తం ధరను వదిలేసి ఆ చిన్న అక్షరాలు చూడండి. ఉదాహరణకు అర కిలో ప్యాకెట్ 38 రూపాయలు, కిలో ప్యాకెట్ 79 రూపాయలు అనుకుంటే, రెండు చిన్నవి కొనడమే మూడు రూపాయలు తక్కువ. ఫ్యామిలీ ప్యాక్ అన్న పేరు చూసి చెయ్యి వెయ్యకండి.

బిస్కెట్లలో ఇంకో మాయ ఉంది. ఐదు రూపాయల, పది రూపాయల ప్యాకెట్ ధర ఏళ్ల తరబడి కదలదు, లోపల గ్రాములే తగ్గుతూ వస్తాయి. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న చోట గడువు తేదీ చూడండి. రెండు నెలల్లో గడువు తీరిపోయే సరుకునే ఎక్కువగా ఇలా తోసేస్తారు. ఈ నెలలోనే తినేసేదైతే అది మంచి బేరం, నవంబరు దాకా దాచుకునేదైతే కాదు.

2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్లు, సబ్బులు, కొవ్వొత్తులు, ప్యాకేజ్డ్ తాగునీటి మీద జీఎస్టీ తగ్గింది, టెట్రాప్యాక్ పాల మీద పూర్తిగా ఎత్తేశారు. మూల కొట్లో దుమ్ము పట్టిన పాత స్టాకు పాత ఎమ్మార్పీతో కనిపిస్తే ధర సంగతి అడగండి, తయారీ తేదీ కూడా చూడండి.

హోల్‌సేల్‌కు వెళ్లడం లాభమేనా?

ఒక్క ఇంటికైతే కాదు. ఆటో ఖర్చుకే మిగిలింది పోతుంది. నాలుగైదు ఇళ్లు కలిస్తే లాభమే. బియ్యం 25 కిలోల బస్తా, పప్పు 30 కిలోల బస్తా కొని కాటా పెట్టి పంచుకోవచ్చు. విజయవాడలో గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్సు, విశాఖలో పూర్ణామార్కెట్, నెల్లూరులో స్టోన్‌హౌస్‌పేట, హైదరాబాదులో బేగంబజారు ఇలాంటి కొనుగోళ్లకు అలవాటైన చోట్లు. అపార్టుమెంట్లలో వినాయక చవితి కమిటీ ఎలాగూ ఉంటుంది. ఆ లెక్కలు చూసేవాళ్లకే ఈ పని కూడా అప్పజెప్పండి. బస్తా విప్పేముందు బరువు తూచండి, విప్పాక అడుగునున్న సరుకు కూడా చూడండి. పైన రంగు తేలినట్టున్నది అడుగున నూకగా ఉండటం కొత్తేమీ కాదు.

రేషను సరుకులు, తుఫాను సాయం మీద ఆధారపడొచ్చా?

రేషను ఉన్నవాళ్లు అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో నెల మొదటి రోజుల్లోనే తీసేసుకోండి. ఆఖరి రోజుల దాకా ఆగితే తుఫానుకు చౌక దుకాణం మూతపడొచ్చు, కరెంటు, నెట్‌వర్కు లేక వేలిముద్ర పడకపోవచ్చు. పునరావాస కేంద్రాలకు వెళ్లినవాళ్లకు, ముంపు ఊళ్లకు ప్రభుత్వం బియ్యం, పప్పు, నూనె, ఉల్లి లాంటివి ఇస్తుంది. అవి తుఫాను దాటాక వచ్చేవి. మొదటి మూడు రోజులు మీ డబ్బాల్లో ఉన్నదే తిండి.

నీళ్లకు ఎంత ఖర్చు పెట్టాలి?

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 3 లీటర్లు. నలుగురికి మూడు రోజులకు 36 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు రెండు. లీటరు సీసాల పెట్టెలు కొనడం అన్నిటికంటే దండగ పని. లీటరుకు లెక్కేస్తే, ఊళ్లో ఆర్ఓ ప్లాంటు దగ్గర క్యాను నింపించుకునేదానికి ఎన్నో రెట్లు పడుతుంది.

ఒకసారి రెండు మంచి క్యాన్లు సొంతానికి కొనుక్కోండి. పాతవి తీసుకుంటే వెలుగుకు ఎత్తి చూడండి. అడుగున పచ్చటి పాకుడు గానీ, మెడ దగ్గర వెంట్రుకంత చీలిక గానీ ఉంటే వద్దు. మిగతా రోజుల్లో కడిగి బోర్లించి ఉంచండి, వాయుగుండం వార్త రాగానే నింపించండి. తుఫాను హెచ్చరిక దాకా ఆగితే ప్లాంటు దగ్గర వరస ఉంటుంది, ఈలోపు కరెంటు పోతే ప్లాంటే ఆగిపోతుంది.

వాడుక నీళ్లకు కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. బిందెలు, గంగాళాలు, బకెట్లు, డాబా మీద ట్యాంకు అన్నీ నింపేయండి. నిండిన ట్యాంకు గాలికి ఎగిరిపోకుండా కూడా ఉంటుంది.

ఒక్క హెచ్చరిక. పాత సామాన్ల కొట్లలో నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు చాలా తక్కువకు అమ్ముతారు. వాటిలో అంతకుముందు ఏ రసాయనం ఉండేదో అమ్మేవాడికే తెలియదు. ఎన్నిసార్లు కడిగినా ప్లాస్టిక్ పీల్చుకున్నది పోదు. కాళ్లు కడుక్కోవడానికి, బాత్రూముకు వాడుకోండి గానీ, తాగునీళ్లకు, వంటకు వద్దు.

నిలవ నీళ్లు అయిపోతే?

బోరు నీళ్లో, కుళాయి నీళ్లో ముందు నాలుగు మడతల కాటన్ గుడ్డలో వడకట్టాలి. బాగా మడ్డిగా ఉంటే పటిక తిప్పో, ఇండుపగింజ అరగదీసి కలిపో తేర్చుకోండి. తేరిన నీళ్లు చూడటానికి బాగుంటాయి, సూక్ష్మక్రిములు మాత్రం అలాగే ఉంటాయి. కాబట్టి తర్వాత మరిగించాలి. సలసల కాగడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచితే చాలు. గ్యాసు పొదుపు చేయాలంటే క్లోరిన్ మాత్రలు వాడండి. మాత్ర ఎన్ని లీటర్లకో అట్ట మీద ఉంటుంది. వేసి అరగంట ఆగి తాగాలి. వానాకాలంలో ఆశా కార్యకర్తల దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వీటిని ఉచితంగా ఇస్తుంటారు. ముందు అక్కడ అడిగి, లేకపోతేనే మందుల షాపుకు వెళ్లండి.

గ్యాసు బండ విషయంలో ఏం చూసుకోవాలి?

సెప్టెంబరు ఆఖరుకల్లా ఒక నిండు బండ ఇంట్లో ఉండేలా బుక్ చేసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు వచ్చేవాళ్లు, ఆ వరసలో ఒకటి తుఫాను నెలలకు కలిసొచ్చేలా బుకింగు చూసుకోవచ్చు.

బండ దించినప్పుడు తూకం వేయించుకోండి. బండ మీద ఖాళీ బరువు ముద్రించి ఉంటుంది. దానికి 14.2 కిలోలు కలిపితే వచ్చేదే నిండు బరువు. తూచే కాటా డెలివరీ అబ్బాయి దగ్గర ఉండాలి, అడగడానికి మొహమాటం వద్దు. బండ పైనున్న పట్టీ మీద బి-28 లాంటి అక్షరం, అంకె కూడా చూడండి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి ఏప్రిల్ నుంచి జూన్, సి జులై నుంచి సెప్టెంబరు, డి అక్టోబరు నుంచి డిసెంబరు. బి-28 అంటే 2028 జూన్‌తో ఆ బండ మళ్లీ పరీక్షకు వెళ్లాలి. గడువు దాటినదాన్ని వెనక్కి పంపండి.

వెలుగుకు ఏది కొనాలి? కొవ్వొత్తులా, ఛార్జింగ్ బల్బులా?

రెండూ కొద్దికొద్దిగా. దీపావళి అయిన మర్నాటి నుంచి ప్రమిదలు, ఒత్తులు, కొవ్వొత్తులు మిగిలిపోయిన ధరకు అమ్మేస్తారు. అప్పుడు కొన్నవి ఆ ఏడాది నవంబరు, డిసెంబరులకే కాదు, వచ్చే ఏడాదికీ ఉంటాయి. కొవ్వొత్తి పాడైపోదు, ఎండలో పెడితే వంగిపోతుంది, అంతే. అగ్గిపెట్టెలు మాత్రం తేమకు పనికిరాకుండా పోతాయి. బిగుతు మూతున్న సీసాలో నాలుగైదు పెట్టెలు వేసి ఉంచండి. కొవ్వొత్తిని ఎప్పుడూ నీళ్లు పోసిన స్టీలు పళ్లెం మధ్యలో నిలబెట్టాలి. తుఫాను రాత్రి కిటికీ తలుపు కొట్టుకుంటే కర్టెను అంటుకోవడానికి క్షణం పట్టదు, అగ్నిమాపక బండి వచ్చే దారి ఉండదు.

కరెంటు పోయినా వెలిగే ఎల్ఈడీ బల్బుల్లో పైన రాసిన వాట్లను నమ్మకండి. పెట్టె మీద లోపలి బ్యాటరీ ఎన్ని ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే లెక్క) అని రాశారో చూడండి. 2,200 ఉంటే సగం వెలుగుతో మూడు నాలుగు గంటలు వస్తుంది. 1,200 ఉంటే దాదాపు అందులో సగం సేపే. ఆ అంకె రాయని బల్బు ఎంత చవకైనా వద్దు. కొట్లో చేత్తో పట్టుకుంటే వెలుగుతుందని చూపించి అమ్ముతారు. అది బ్యాటరీ ఉందని తప్ప ఎంతసేపు వెలుగుతుందో చెప్పదు. కొన్నాక అటక మీద దాచేయకండి. రోజూ వాడే హోల్డరులోనే పెట్టి ఉంచాలి. నెలల తరబడి ఛార్జి లేకుండా పడుంటే బ్యాటరీ చచ్చిపోతుంది, సరిగ్గా అవసరమైన రాత్రే ఆ సంగతి బయటపడుతుంది.

టార్చి ఒకటి చాలు, మంచిది కొనండి. ఇంట్లో రిమోటుకు, గడియారానికి వాడే సైజు సెల్లుతోనే నడిచేదైతే అవసరానికి వాటినీ తీసి వాడుకోవచ్చు. మామూలు జింక్ సెల్లు చవకే గానీ టార్చిలో వదిలేస్తే కారి, లోపలి రేకును తినేస్తాయి. సెల్లులు బయటికి తీసి టార్చికి రబ్బరుబ్యాండుతో కట్టి పెట్టుకోండి. ఏళ్ల తరబడి దాచుకోవాలంటే ఆల్కలైన్ కొనండి. ఖరీదు ఎక్కువైనా నిలవ ఉంటాయి.

పవర్‌బ్యాంకు మీద 20,000 అని రాసి తక్కువకే ఇస్తున్నారు. తీసుకోవచ్చా?

ముందు ఒక లెక్క. 10,000 ఎంఏహెచ్ అన్నది లోపలి సెల్లు 3.7 వోల్టుల దగ్గర ఇచ్చే లెక్క. ఫోనుకు 5 వోల్టులకు మారేటప్పుడు అది 7,400 అవుతుంది, వేడికి పోయేది తీసేస్తే 6,000 చిల్లర మిగులుతుంది. అంటే 5,000 బ్యాటరీ ఉన్న ఫోను ఒకసారి నిండుతుంది, రెండోసారికి సగం కూడా కష్టం. నిజాయితీగల కంపెనీలు ఈ రెండో అంకెను కూడా రేటెడ్ కెపాసిటీ పేరుతో కింద ముద్రిస్తాయి. అది లేకపోయినా, ఆర్-తో మొదలయ్యే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు లేకపోయినా వదిలేయండి. చేత్తో పట్టుకుని చూసినా తెలుస్తుంది. 10,000ది సుమారు 200 గ్రాములకు తక్కువ తూగదు. తోపుడు బండి మీది 20,000 అరచేతిలో ఖాళీ అగ్గిపెట్టెలా తేలిపోతుంటే లోపల ఏముందో ఊహించుకోవచ్చు.

వీటికి దసరా, దీపావళి సేల్ నిజంగానే మంచి సమయం. అయితే ముందు రెండు వారాల ధర రాసి పెట్టుకోండి. సేల్‌కు ముందు పెంచి, సేల్ రోజున తగ్గించడం అందరికీ తెలిసిన ఆటే.

టార్పాలిన్ ఎలా బేరమాడాలి?

అడుగుల లెక్కన కాదు, బరువు లెక్కన. పట్టా మందాన్ని జీఎస్ఎం అంటారు, చదరపు మీటరుకు ఎన్ని గ్రాములని అర్థం. రోడ్డు పక్క అమ్మే పల్చటి నీలం పట్టాలు సాధారణంగా 90, 120 ఉంటాయి. తుఫాను గాలికి అవి ఒక్క రాత్రి కూడా ఆగవు, కన్నాల దగ్గర చిరుగుతాయి. పెంకుటింటికి, రేకుల ఇంటికి 200 జీఎస్ఎం కావాలి.

మోసం పట్టుకోవడం తేలిక. 18 అడుగులు, 24 అడుగుల పట్టా 40 చదరపు మీటర్లు. 200 జీఎస్ఎం అని చెప్పి అమ్మితే అది 8 కిలోలు తూగాలి. పక్క కిరాణా కొట్లో కాటా మీద పెట్టండి. 5 కిలోలే తూగితే అది 125 జీఎస్ఎం, ధర కూడా దాని ప్రకారమే మాట్లాడండి. చుట్టూ తాడు లోపల కుట్టి ఉందా, కన్నాలకు అల్యూమినియం రింగులున్నాయా, మూలల్లో రెండు పొరలున్నాయా అన్నవి తర్వాత చూడాల్సినవి.

వానలు మొదలయ్యాక పట్టా ధర పెరుగుతుంది కాబట్టి ఏప్రిల్, మేలలో కొనండి. రైతులైతే ముందు రైతు సేవా కేంద్రంలో అడగండి, ధాన్యం తడవకుండా వ్యవసాయ శాఖ కొన్ని సీజన్లలో సబ్సిడీ మీద ఇస్తుంటుంది. లారీలకు కప్పిన పాత టార్పాలిన్లు ఆటోనగర్ల దగ్గర సగం ధరకు దొరుకుతాయి. ఎండకు ఎత్తి సూది బెజ్జాలు చూసుకుని కొంటే అవి కొత్త పల్చటి పట్టాకంటే ఎక్కువ కాలం మన్నుతాయి.

మందులు, శుభ్రతకు వాడే వస్తువులు?

ఇక్కడ బేరం ఒకే చోట ఉంది, జన ఔషధి కేంద్రం. బీపీ, షుగరు, థైరాయిడ్ మాత్రలు బ్రాండు ధరలో సగానికీ, చాలావాటికి ఇంకా తక్కువకూ వస్తాయి. డాక్టరు చీటీలో మందు అసలు పేరు రాయించుకుని వెళ్లండి. సెప్టెంబరు నుంచి ఎప్పుడూ 15 రోజుల మందులు అదనంగా ఉండాలి. సువిధ శానిటరీ ప్యాడ్లు కూడా అక్కడే ఒక్కొక్కటి రూపాయి.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. షాపులో కొంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసి ఉన్న 20.5 గ్రాముల పొడి ప్యాకెట్ తీసుకోండి, సరిగ్గా లీటరు నీటికి ఒకటి. పండ్ల రసం రుచితో వచ్చే టెట్రాప్యాక్ పానీయాల్లో చక్కెర చాలా ఎక్కువ, విరేచనాలప్పుడు అది మేలు కంటే కీడే చేస్తుంది. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లలో తలకొట్టిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. ఉప్పు ఎక్కువ కాకూడదు.

ఇన్సులిన్ వాడేవాళ్లకు ఫ్రిజ్ ఆగిపోతుందన్న భయం ఉంటుంది. వాడుతున్న సీసా లేదా పెన్ను 30 డిగ్రీల లోపు సుమారు నాలుగు వారాలు ఉంటుంది. కచ్చితంగా ఎన్ని రోజులో మీ రకం ఇన్సులిన్ పెట్టెలోని కాగితం చూడండి. తెరవని వాటిని తడవకుండా డబ్బాలో పెట్టి, తడి ఇసుకలో దించిన మట్టి కుండలో ఉంచండి. ఖర్చు ఒక్క కుండే.

నెలకు 300 రూపాయలకు మించి పెట్టలేం. ఏ వరసలో కొనాలి?

ఏప్రిల్‌లో మొదలుపెట్టండి. మొదట క్యాన్లు, ఎందుకంటే నీళ్లు లేకపోతే మిగతావేవీ అక్కరకు రావు. రెండో నెల టార్చి, సెల్లులు, అగ్గిపెట్టెలు. జూన్, జులైలలో పట్టా కోసం దాచండి. పెంకుటిల్లయితే టార్చి, పట్టాల వరస మార్చి, ధర పెరగకముందే పట్టా తీసుకోండి. ఆగస్టులో పుట్నాలు, పల్లీలు, పాలపొడి. సెప్టెంబరులో మందులు, అటుకులు. పవర్‌బ్యాంకు అన్నిటికంటే ఆఖర్న. ప్రతి నెలా బియ్యం తెచ్చినప్పుడు కిలో ముప్పావు పక్కన పెడితే సెప్టెంబరుకు పది కిలోలు విడిగా కొనకుండానే సమకూరుతుంది.

డబ్బు ఎంత దగ్గర పెట్టుకోవాలి?

వారం ఖర్చుకు సరిపడా, పది, ఇరవై, యాభై, వంద నోట్లలో. టవర్లు పడిపోతే ఫోన్‌పే, గూగుల్‌పే ఏవీ పనిచేయవు, ఏటీఎంలు పనిచేయవు. ఐదు వందల నోటిస్తే చిల్లర లేదంటారు, 60 రూపాయల పాలకు వంద వదులుకోవాల్సి వస్తుంది.

మేం అమెరికాలోనో, బెంగళూరులోనో ఉంటాం. ఊళ్లో అమ్మానాన్నలకు ఎలా పంపాలి?

తుఫాను వార్త చూసి ఆన్‌లైన్లో ఆర్డరు పెడితే అందదు, డెలివరీలు ముందే ఆపేస్తారు. బరువైన, పాడవని సామాను (క్యాన్లు, టార్చి, పట్టా, పవర్‌బ్యాంకు) సెప్టెంబరుకు ముందు ఇంటికి వచ్చినప్పుడో, ఆగస్టులో కొరియరులోనో చేర్చండి. సరుకులకు వీధి చివరి కిరాణా ఆయనతో మాట్లాడుకోవడం ఉత్తమం. మీరు ఫోన్లో డబ్బు పంపితే ఆయన బస్తా ఇంట్లో దించి వెళ్తారు. వాయుగుండం వార్త వచ్చిన పూట ఒక ఫోను చేస్తే పాలు, కూరగాయలు కూడా ఆయనే చేరుస్తారు. ఏ యాప్‌కూ అంత పరిచయం ఉండదు.

ఎమ్మార్పీ కంటే ఎక్కువ అడిగితే?

ప్యాకెట్ మీద అచ్చయిన ధర కంటే ఒక్క రూపాయి ఎక్కువ తీసుకున్నా నేరమే, తుఫానైనా పండగైనా. బిల్లు అడగండి. ఇవ్వకపోతే ప్యాకెట్, కొట్టు బోర్డు ఫోటో తీసి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు గానీ తూనికలు కొలతల శాఖకు గానీ ఫిర్యాదు చేయండి. విడి కూరగాయలకు, నింపిన క్యాను నీళ్లకు ఎమ్మార్పీ ఉండదు కాబట్టి అక్కడ ఈ దారి లేదు. ప్రాణాపాయం ఉన్నప్పుడు ధర గొడవ పక్కన పెట్టి 112కు గానీ, ఆంధ్రప్రదేశ్ విపత్తుల సంస్థ నంబర్లు 1070, 1800 425 0101కు గానీ ఫోను చేయాలి.

ఇదంతా ఇంట్లో ఎక్కడ పెట్టాలి?

నేల మీద మాత్రం వద్దు. సింగ్‌నగర్‌లో కింది అంతస్తుల ఇళ్లలో మంచం కింద, వంటగది కింది అరల్లో పెట్టిన సరుకులన్నీ నీళ్లపాలయ్యాయి. నడుము ఎత్తుకు పైన, లేదా అటక మీద. మందులు, కాగితాలు, పవర్‌బ్యాంకు, టార్చి ఒకే సంచిలో, ఖాళీ చేయమన్నప్పుడు చేతికందేలా.

డిసెంబరు దాటాక మిగిలినవేం చేయాలి?

తినేవి జనవరిలో తినేయండి, పుట్నాలు, బెల్లం సంక్రాంతి పిండివంటల్లో కలిసిపోతాయి. టార్చి సెల్లులు తీసేయండి. పవర్‌బ్యాంకును సగానికి పైగా ఛార్జి చేసి పెట్టండి, మూడు నెలలకోసారి చూడండి. పట్టాను కడిగి పూర్తిగా ఆరాక మడవాలి. చెమ్మతో మడిస్తే ఏప్రిల్‌కు బూజు పట్టి ఒకదానికొకటి అంటుకుపోతుంది. క్యాన్లను దాచకండి. వేసవిలో కుళాయి రాని రోజులకు అవే కావాలి.